పుంగనూరు ఆవు కొనేముందు ఆంబోతు సంగతి తేల్చుకో

ప్రశ్న: అన్నగారికి నమస్తే. మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. నేను విశాఖలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను, మా ఆవిడ టీచరు, బాబుకి ఆరేళ్ళు. వచ్చే ఉగాదికి ఊరు వచ్చేసి, నాన్నగారి రెండున్నర ఎకరాల్లో కొన్ని అరుదైన జాతి జీవాలతో చిన్న ఫారం పెట్టుకుందామని ఉంది. ఒక జత పుంగనూరు ఆవులు, ఒక ముప్పై కడక్‌నాథ్ కోళ్ళు, నాలుగు మేకలు అనుకున్నాను. చేతిలో మూడున్నర లక్షలున్నాయి. నాన్నగారి దగ్గర రెండు ఊరి ఆవులు, కొమ్ములు వెనక్కి తిరిగిన బూడిదరంగు గేదె ఒకటి ఉన్నాయి. పాలు పెద్దగా లేవు కాబట్టి వాటిని అమ్మేసి ఆ డబ్బు కూడా ఇందులో పెడదామంటే ఆయన ఒప్పుకోవడం లేదు, "ఆ పొట్టి ఆవు నీ ఫోన్‌లోనే బాగుంటుంది" అంటున్నారు. మీరేమంటారు? ఇంకో చిన్న మాట, బాబుకి పచ్చిపాలు పట్టవచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ గేదెని అమ్మకు. ఎందుకో మెల్లగా చెప్తాను.

నీ ఉత్తరంలో ఏ జంతువు ఎన్ని అన్న లెక్క ఉంది, ఎంత డబ్బు అన్నదీ ఉంది. నేను వెతికింది మాత్రం దొరకలేదు. ఆ పుంగనూరు ఆవు ఈనాక దాని పెయ్య ఎదిగి ఎదకొస్తుంది కదా, దాన్ని దేనితో దాటిస్తావు? ఒక జత అన్నావు, అంటే ఆవూ ఆంబోతూ అనుకుంటున్నాను. మొదటి పెయ్య పుట్టింది, మూడు నాలుగేళ్ళకి ఎదకొచ్చింది, సాలలో ఉన్న మగది దాని తండ్రి ఒక్కడే. తండ్రీకూతుళ్ళకి పుట్టే దూడలో అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్తం కలవడం, పాతిక శాతం, ఇది నా మాట కాదు, జన్యుశాస్త్రంలో లెక్క. ఒకసారికి ఏమీ కాకపోవచ్చు, ఇంకో తరానికి చూలు నిలవకపోవడం, బలం లేని దూడలు, చిన్న జబ్బుకే చచ్చిపోవడం మొదలవుతాయి. అప్పుడు ఇంకో పుంగనూరు ఆంబోతు కావాలి. అది చిత్తూరు వైపుది, దాని మందని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుకొస్తున్నారు, నువ్వున్నదేమో వంశధార ఒడ్డున. సరే, ఆవుకి సూది, అంటే కృత్రిమ గర్భధారణ, చేయిస్తాను అంటావేమో. మీ ఎల్.ఐ. (పశువుల ఇన్‌స్పెక్టరు) గారి దగ్గర వీర్యం దాచే నత్రజని డబ్బాలో ఏ జాతి వీర్యం ఉందో ఈ ఆదివారమే ఫోన్ చేసి అడుగు. జెర్సీ ఉంటుంది, జెర్సీ క్రాసు ఉంటుంది, గేదెలకి ముర్రా ఉంటుంది, పుంగనూరు మాత్రం ఆ డబ్బాలో ఉండదనే నేను పందెం కాస్తాను.

ఇంకా పెద్ద ఇబ్బంది ఒకటుంది. మీ వైపు వరికోతలైపోగానే పశువుల్ని మళ్ళలోకి వదిలేస్తారు, అది నీకు చిన్నప్పటి నుంచి తెలిసిందే. ఆ నాలుగు నెలలూ ఊరి ఆంబోతులదే రాజ్యం. అందులో సగం జెర్సీ క్రాసు కోడెలు, ఎవరో చిన్నప్పుడు వట్టలు నొక్కించకుండా వదిలేసినవి. మూడడుగులు లేని నీ పెయ్యని ఆ క్రాసు కోడె దాటిందనుకో, లోపల దూడ పెద్దదై ఈత దగ్గర అడ్డం పడుతుంది, రాత్రి రెండింటికి గుణుపురం నుంచి డాక్టరు వచ్చేలోపు తల్లీ పిల్లా రెండూ పోవచ్చు. లక్షలు పోసి కొన్నదాన్ని ఏడాదంతా కట్టేసి పెంచుతావా, పెంచు, కానీ దాన్ని ఫారం అనకు.

పుంగనూరు మంచి ఆవే, దాన్ని తిట్టడం లేదు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో వాటికి మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చాక రేటు ఇంకా పైకెళ్ళింది, పొట్టిగా ఉన్న ప్రతి ఊరావూ పుంగనూరే అని అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. అరుదైన జాతిని కాపాడటమంటే ఒక ఆవుని కాపాడటం కాదు తమ్ముడూ, ఆ ఆవుకి తగిన మగది, రక్తం కలవనిది, నడిచి వెళ్ళేంత దూరంలో ఎప్పుడూ ఉండేలా చూసుకోవడం. అది లేకపోతే పెంపుడు జంతువు, అంతే. కాబట్టి ముందు మగది ఎక్కడుందో చూడు, తర్వాతే ఆడది కొను. నేను చెప్పేది మొత్తం ఇదే, మిగతాదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

ఇప్పుడు గేదె. రాయగడ, కలహండి జిల్లాల గేదెకి కలహండి గేదె అని పేరు, కర్నాల్‌లో దేశవాళీ జాతుల్ని నమోదు చేసే జాతీయ సంస్థ జాబితాలో అది ఉంది. బూడిదరంగు ఒళ్ళు, అర్ధచంద్రంలా వెనక్కి తిరిగిన కొమ్ములు, దున్నకానికి మొండి ఓపిక, పాలు రోజుకి రెండు మూడు లీటర్లు. నువ్వు రాసింది చదివితే నాకు అదే తట్టింది. ఉత్తరంలో రెండు ముక్కలు చూసి జాతి తేల్చకూడదు, సగం ముర్రా రక్తం ఉన్నదానికి కూడా కొమ్ములు కాస్త అలా తిరుగుతాయి. మీ నాన్నగారిని అడుగు, దీని తల్లి ఎక్కడిది, దాన్ని ఏ దున్నపోతు దాటింది, సూది ఎప్పుడైనా వేయించారా అని. ఆయనకి మూడు తరాలు గుర్తుంటాయి చూడు. తర్వాత ఫొటోలు తీసి, పక్క నుంచి ఒకటి, కొమ్ములు కనిపించేలా ముందు నుంచి ఒకటి, గుణుపురం కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించు.

అసలు మీ సరిహద్దులో ఉన్నన్ని సొంత జాతులు చాలా జిల్లాల్లో లేవు. కొరాపుట్ పీఠభూమి మీద మండ గేదె. శబరి, సీలేరు కలిసేచోట మోటు, ఆ ఊరి పేరుతోనే మల్కనగిరి మోటు ఆవు, చిన్నగా, ఎక్కువగా ఎర్రగోధుమ రంగులో, చాలావాటికి కొమ్ములే ఉండవు. గంజాం వైపు ఘుముసరి ఆవు. పొట్టిదే కావాలని నీకు అంత మోజుంటే, ఒడిశా–ఆంధ్ర సరిహద్దు కొండల్లో జెరంగి అని పొట్టి గేదె గురించి పాత పశు గ్రంథాల్లో రాశారు, వెతుక్కో. మేకల్లో గంజాం మేక, గొర్రెల్లో గంజాం గొర్రె. కోళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి డంకి. వీటిలో దేనికైనా మగది సంతలోనో, పక్క పంచాయతీలోనో, గట్టిగా వెతికితే దొరుకుతుంది. పుంగనూరుకి దొరకదు. తేడా అదీ.

మీ నాన్నగారి ఊరి ఆవుల్ని మాత్రం మోటు అనీ ఘుముసరి అనీ పేరు పెట్టి ఎవరికీ చెప్పకు. అవి ఊరి ఆవులు, గత్తానికీ (పేడ ఎరువుకి) కాస్త పాలకీ ఉన్నాయి, అలాగే ఉండనీ. రోజుకి లీటరు, లీటరున్నర ఇచ్చే ఆవుతో డైరీ నడవదు, ఆ ఆశ మొదటి రోజే వదిలేసుకో. కొండల్లో చాలామంది ఆవు పాలు పిండనే పిండరు, దూడకే వదిలేస్తారు, దున్నకానికీ గత్తానికీ పెంచుతారు. మీ లాభం కూడా మొదటి మూడేళ్ళు అక్కడే ఉంటుంది, గత్తంలో, గుడ్లలో, మేకపిల్లల్లో.

మేత లెక్క ఒకటి వేసి చూపిస్తాను, ఎందుకంటే జీవాల మీద డబ్బంతా పెట్టేసి వైశాఖానికి గడ్డి కొనుక్కునేవాళ్ళు ఎక్కువైపోయారు. రెండొందల కిలోల ఆవు రోజుకి దాని బరువులో రెండున్నర శాతం, అంటే ఐదు కిలోల ఎండు పదార్థం తింటుంది. ఏడాదికి పద్దెనిమిది వందల కిలోల పైమాట. ఎకరం వరిగడ్డి బాగా వస్తే ఇంచుమించు అంతే. అంటే ఎకరానికి ఒక చిన్న ఆవు, అదీ గడ్డి మొత్తం మేటు వేసుకుంటే. కోత మిషను వచ్చి ముక్కలు చేసి మడిలో పారేస్తే అదీ లేదు. ఉత్త గడ్డితో పశువు బతుకుతుంది గానీ ఎదకి రాదు, కాబట్టి వరి కోతకి ముందే మడిలో పిల్లిపెసర, జనుము చల్లుకోండి, గట్ల మీద అవిసె, సుబాబుల్, మునగ ఇప్పుడే నాటండి. నువ్వు ఉగాదికి వస్తావు, చెట్టు ఈ వానాకాలంలోనే నాటాలి. ఆ పని మీ నాన్నగారికి అప్పజెప్పు, ఆయనకి కోపం కూడా తగ్గుతుంది.

మొదటి ఏడాది కోళ్ళు మాత్రమే. కడక్‌నాథ్ వద్దు. ఝాబువా నల్ల కోడి అది, 2018లో దాని మాంసానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు చూపించే 2019లో మహారాష్ట్రలో పిల్లలిచ్చి గుడ్లు తిరిగి కొంటామన్న ఒక కంపెనీని నమ్మి వేలమంది రైతులు మునిగారు. పైగా అవి పొదగడానికి సరిగా కూర్చోవు, ఇంక్యుబేటరు కొనాలి, కరెంటు పోతే టెన్షను. నీకు కావలసింది గుడ్ల మీద నుంచి లేవని పెట్ట. సంతలో కాకుండా ఇళ్ళకి వెళ్ళి, ఈ కాపులో ఎన్ని పిల్లల్ని దించింది, ఎన్నిటిని పెంచింది అని అడిగి ఏడెనిమిది నాటు పెట్టలు తెచ్చుకో, డంకి పుంజు ఒకటి వేరే ఊరి నుంచి తెచ్చుకో. డంకి గుడ్లు చాలా తక్కువ పెడుతుంది, ఆ జాతి పేరు పందేల్లో పెరిగింది, సంక్రాంతికి పుంజు అడిగేవాళ్ళు గుమ్మం దాకా వస్తారు. పందెం చట్టానికి విరుద్ధం, నువ్వు పుంజుల్ని విత్తనానికే అమ్ము. ఎదిగే పుంజుల్ని నాలుగైదు నెలల నుంచే విడదీయకపోతే అవే చంపుకుంటాయి.

పెట్ట కింద పది పన్నెండు గుడ్లకి మించి పెట్టకు, వారం దాటిన గుడ్లు పెట్టకు. ఏడో రోజు చీకటిపడ్డాక ఒక్కో గుడ్డు వెనక ఫోను టార్చి పెట్టి చూడు, లోపల ఎర్రటి సన్నని నరాలు ఒక చుక్క నుంచి పాకుతూ కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, ఉత్త పసుపు వెలుగు కనిపిస్తే అది కూరకి. ఇరవై ఒకటో రోజు పిల్లలు దిగుతాయి, మూడు వారాలు తల్లితో గంప కింద కమ్మి పెంచు, ముంగిస, గద్ద, అడవిపిల్లి మూడూ మీ వైపు ఉన్నాయి. కొక్కెర తెగులు వస్తే మాత్రం ఏ గంపా ఆపలేదు. దానికి టీకాలే దిక్కు, ఐదారు రోజుల పిల్లకి లసోటా చుక్క, ఎనిమిది వారాలకి ఆర్‌టుబి సూది. తిప్పలేమిటంటే మందు సీసా వంద కోళ్ళకి సరిపడా వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, నీకు పాతిక కోళ్ళుంటే డెబ్బై ఐదు డోసులు నేలపాలు. అందుకని వీధిలో అందరికీ ముందు రోజే చెప్పి, సాయంత్రం కోళ్ళు గూట్లోకి చేరగానే ఇల్లిల్లూ తిరిగి వేసేయండి. పక్కింటి కోడి చస్తే నీ కోడీ చస్తుంది, ఇందులో ధర్మం కన్నా స్వార్థమే ఎక్కువ.

రెండో ఏడాది మేకలు. గంజాం మేక పొడుగ్గా, ఎత్తు కాళ్ళతో ఉంటుంది, నలుపువి ఎక్కువ, సాధారణంగా ఈతకి ఒకటే పిల్ల. కవలలు వేసే మేకలున్నాయి కదా అని ఎవరో చెప్తారు. ఉన్నాయి, కానీ దూరం నడిచి కొండ మేత మీద బతికే కాళ్ళు దీనివి. ఆ మందలు కాసేది ఎక్కువగా గొల్లలే, వాళ్ళతో మాటా మంచీ కలుపుకుని మంద దగ్గరే కొనుక్కో. కొనేటప్పుడు కింది రెప్ప బొటనవేలితో లాగి చూడు. లోపల ఎర్రగా ఉంటే సరే, గులాబీ రంగు అయితే బేరం తగ్గించు, తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో రక్తం తాగే నట్టలున్నాయి, వదిలేసెయ్. పళ్ళు చూడు, ముందు రెండు పెద్ద పళ్ళు వచ్చినది ఏడాది దాటినది, నాలుగు పళ్ళది రెండేళ్ళు అటూ ఇటూ. ఏది కొన్నా మూడు వారాలు ఇంటి జీవాలకి దూరంగా, వేరే తొట్టితో ఉంచు, పారుడు వ్యాధి టీకా అప్పుడే వేయించు.

పోతు మాత్రం నువ్వు కొనొద్దు. నాలుగు మేకలకి ఒక పోతుని ఏడాదంతా మేపడం దండగ. ఇంకో ఇద్దరు ముగ్గురు పెంచేవాళ్ళని కలుపుకుని ఒక పోతుని ఉమ్మడిగా కొనండి, రెండేళ్ళకోసారి వేరే ఊరి మందతో మార్చుకోండి, ఏ పిల్ల ఏ పోతుకి పుట్టిందో మరదల్ని ఒక నోటుబుక్కులో రాయమను, టీచరు కదా, పద్ధతిగా రాస్తుంది. మగ మేకపిల్లల్ని నాలుగు నెలలకే విడదీయండి, ఆ వయసుకే తల్లినీ చెల్లినీ దాటడానికి చూస్తాయి. గేదెకి కూడా ఇదే పద్ధతి, ఇంకా ముఖ్యం, ఎందుకంటే గేదె ఎద చాలాసార్లు మూగ ఎద, అరవదు, ఎగబడదు, మనిషి కనిపెట్టి సూది వేయించేలోపు పోతుంది. దున్నపోతు అయితే వాసన పట్టేస్తుంది. ఆ వెనక్కి తిరిగిన కొమ్ముల దున్నపోతు చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎక్కడుందో మీ నాన్నగారు ఒక సంతరోజు తిరిగితే తెలిసిపోతుంది. పూర్వం దేవుడి పేర అచ్చువేసి వదిలిన ఆంబోతు ఊరందరికీ పనికొచ్చేది, ఇప్పుడు ఆ ఖర్చు నాలుగిళ్ళు పంచుకోవాలి.

మూడో ఏడాదికి నీకే తెలుస్తుంది ఆవు కావాలో వద్దో. కావాలంటే మల్కనగిరి వెళ్ళి మోటు చూడు, రెండో ఈత చూడి ఆవుని, దానికి సంబంధం లేని కోడెని కలిపి, ఇద్దరు ముగ్గురు కలిసి తెచ్చుకోండి. చెవికి పసుపు ట్యాగు ఉంటే పన్నెండు అంకెలు రాసుకో, పశువుల డాక్టరు యాప్‌లో ఆ నంబరు కొడితే వేసిన టీకాలు, సూదులు కనిపిస్తాయి, అమ్మేవాడి కథకీ దానికీ పొంతన ఉందో చూసుకోవచ్చు. రశీదు, డాక్టరు రాసిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా, రాత్రిపూట, బండిలో కుక్కి తేవద్దు. దారిలో ఆపితే పోలీసులకి చూపించడానికి కాగితాలుండాలి, పోలీసులు కానివాళ్ళు ఆపినా అవే దిక్కు. టీకాల విషయం చెప్పనక్కర్లేదనుకో, గాలికుంటు, గురక వ్యాధి, జబ్బవాపు వానలకి ముందే. ముద్దచర్మం వ్యాధి ఈ దేశంలో మొదట బయటపడింది మీ ఒడిశాలోనే, 2019లో, అది గుర్తుపెట్టుకో. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది, నంబరు సాల గోడ మీద రాయించు. వరిమడి పక్క, గుంట నీళ్ళ దగ్గర మేసే జీవాలకి కార్జపు జలగ పడుతుంది, పేడ పరీక్ష ఊరికే చేస్తారు, చేయించు.

డబ్బు సంగతి. మూడున్నర లక్షల్లో సగం బ్యాంకులోనే ఉండాలి. మిగతా సగంలో ముందు కంచె, తర్వాత నీళ్ళు, తర్వాత వాన తడవని, గాలి ఆడే సాల, ఆఖర్న జీవాలు. మరదలు ఉద్యోగం మానొద్దు, ఒడిశా వైపు బడి దొరికేదాకా నెలా నెలా వచ్చే జీతమే ఈ ఫారానికి అసలు పెట్టుబడి. సబ్సిడీ కోసం ఫారం పెంచకు. జాతీయ పశుసంపద మిషన్‌లో మేకల యూనిట్‌కి సగం సొమ్ము ఇస్తారు, నిజమే, కానీ కనీసం వంద మేకలు, ఐదు పోతులు ఉండాలి, నాలుగు మేకలు చూసుకోలేని రోజులకి వంద మేకలేమిటి. ఇంకోటి, ఇద్దరూ కలిసి పెళ్ళిళ్ళకి వెళ్ళడం ఇక ఉండదు. ఒకరు వెళ్తే ఒకరు సాల దగ్గర. ఇది మరదలికి ఇప్పుడే చెప్పు, గృహప్రవేశం రోజున కాదు.

బాబుకి పచ్చిపాలు వద్దు. ఇంటి ఆవైనా, గేదైనా, మేకైనా పొంగు వచ్చేలా కాచి ఇవ్వండి. బ్రుసెల్లా (పశువుకి దూడ జారిపోయేలా చేసే జబ్బు), క్షయ రెండూ పాలలోంచి మనిషికి వస్తాయి, పైకి ఆరోగ్యంగా కనిపించే పశువు నుంచి కూడా. పెయ్య దూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రుసెల్లా టీకా ఒక్కసారే వేస్తారు, ఆ వయసు దాటితే వేయరు కాబట్టి పుట్టిన తేదీ ఆ నోటుబుక్కులోనే రాసుకోండి. ఎప్పుడైనా నెలలు నిండకుండా దూడ జారిపోతే దాన్నీ మాయనీ ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, కుక్కలకి పారేయొద్దు, బాబుని అటు రానివ్వొద్దు. చేతులకి కవర్లు కట్టుకుని, లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పాతేసి, అదే రోజు ఎల్.ఐ. గారిని పిలిచి ఆ పశువు రక్తం పరీక్షకి పంపించండి.